ప్రతిష్ఠ జరగని కాటా

"ఎనిమిది సీసీ," అంది రాహేలమ్మ. "చీటీలో ఎనిమిదని ఉండాది. ఎనిమిదే ఎక్కించినాను. ఎన్నిసార్లు అడిగినా నాకాడ ఇదే మాట సార్."

పెంచలనరసయ్య ఆమె మొహంలోకి పరీక్షగా చూశాడు. ఇరవయ్యేళ్లు ఇన్సూరెన్సు కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఆనక నెల్లూరులో ప్రైవేటు డిటెక్టివ్ అని సొంత బోర్డు తగిలించుకున్న మనిషి ఆయన. అబద్ధాలాడే మొహాలు చూసీ చూసీ ఆయనకు విసుగు పుట్టింది. ఈ మొహంలో అబద్ధం లేదు. లేనందుకే ఆయనకు దిగులు పట్టుకుంది. అబద్ధమాడే క్లయింటును ఎలాగో ఒకలా గట్టెక్కించవచ్చు. నిజం చెబుతూ సాక్ష్యం లేని క్లయింటు చేతుల్లోంచి జారిపోతుంది.

జరిగింది ఇదీ. గురువారం మధ్యాహ్నం ఉదయగిరి షాలోము మిషన్ ఆసుపత్రికి ఆదిశేషమ్మ అనే ముసలామె ఆరేళ్ల మనవణ్ణి ఎత్తుకొచ్చింది. పిల్లవాడికి ఆయాసం. బరువు తూచారు, కంప్యూటరు మందు చీటీ ఇచ్చింది, హెడ్ నర్సు రాహేలమ్మ సూది వేసింది. అరగంట తిరక్కుండా పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. సాయంత్రానికి ప్రాణం పోయింది. ఈ రోజు శనివారం. పొద్దున్నే పోలీసులు వచ్చి రాహేలమ్మను అరెస్టు చేసి ఆసుపత్రి గదిలోనే కూర్చోబెట్టారు, అదీ హత్య కేసు కింద. ఆసుపత్రి మేనేజరు ప్రేమానందం నెల్లూరుకు ఫోను చేసి నరసయ్యను రప్పించాడు.

"ఆ చీటీ ఏమైందమ్మా?"

"సూది వేసినాక చీటీ ఎవరు దాస్తారు సార్? సిరంజి కవరుతో పాటు బుట్టలో పడేస్తాం. సాయంత్రం ఆయా తీసకపోయి కాల్చేస్తాది."

"అంత మందు ఎక్కువేమోనని డాక్టరును అడగలేదా?"

"అడిగినాను. ఆపరేషన్లో ఉండాడు. చీటీ ప్రకారం ఇచ్చేయమని లోపల్నించే చెప్పినాడు. కంప్యూటరు వచ్చినాక అందరిదీ అదే మాట. నాదీ అంతే."

"ఆదిశేషమ్మకూ మీకూ పొలం గట్టు తగాదా ఉందంట."

"ఉండాది. పోయిన నెల నోరు కూడా చేసుకున్నాం. గట్టు కోసరం బిడ్డను చంపుతానా సార్? వాడు పుట్టినప్పుడు బొడ్డు కోసింది నేనే. ఆరు పౌన్లు ఉన్నాడు." ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కేశవ. ఇద్దరికీ పాత లెక్కలున్నాయి. వింజమూరులో ఒక గడ్డివాము తగలబడ్డ కేసులో కేశవ పట్టుకొచ్చిన ముద్దాయిని నరసయ్య కోర్టులో నిర్దోషిగా నిలబెట్టాడు. అప్పట్నుంచి నరసయ్య కనపడితే కేశవకు ఒళ్లు మండుతుంది.

"ఏం నరసయ్యా, అయిందా నీ పరామర్శ?" అన్నాడు కేశవ. "నేను సులభంగా చెప్తా విను. అది పది సీసీల మందు అంపూలు. రెండు సీసీ అందులోనే మిగిలుండాది. అంటే ఎనిమిది పోయింది, ఆ మాట ఈమే ఒప్పుకుంటా ఉండాది. కంప్యూటరు ఎంత ఇయ్యమంటా ఉండాది? మూడు పాయింటు ఆరు. నిన్న నా ముందరే అదే బరువు కొట్టి చూపించినారు. నెల్లూరు నుంచి కంప్యూటరాయన కూడా వచ్చి చూసినాడు. అందులో ఫైళ్లన్నీ రెండేళ్ల నాటివి, ఒక్కటీ ఎవరూ ముట్టుకోలేదన్నాడు. ఇంకేం కావాల నీకు?"

"మూడు పాయింటు ఆరు ఎక్కడ, ఎనిమిది ఎక్కడ?" అన్నాడు నరసయ్య. "చూపు ఆననివాళ్లు పాయింటు చుక్క చూసుకోక పదింతలు ఇస్తారు. చంపాలనుకునేవాళ్లు అంపూలు మొత్తం ఎక్కించేస్తారు. ఇది రెండింతలు దాటి ఒక పిసరు. మనిషి చేసే తప్పు ఇలా ఉండదు సి.ఐ. గారూ. ఇది లెక్కలో జరిగిన తప్పు."

"లెక్కల మాస్టరువి అయిపోయినావే." కేశవ నవ్వాడు గానీ ఆ నవ్వు మూతి దాటలేదు. "మూడు గంటలకు ఆత్మకూరులో మేజిస్ట్రేటు ముందర ఈమెను నిలబెట్టాల. పన్నెండు దాటితే జీపు కదుల్తుంది. ఈ లోపల నీ లెక్క తేల్చుకో." రాహేలమ్మ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, పొరపాటున జరిగిందని ఒప్పుకుంటే పొరపాటు కేసే రాస్తా. కాదు కూడదంటే హత్యే. దారిలో ఆలోచించుకో."

నరసయ్య గడియారం చూసుకుని పిల్లల వార్డుకు దాదాపు పరుగెత్తాడు. ప్రేమానందం రొప్పుతూ వెనకే వచ్చాడు.

వార్డు మూలన పిల్లల్ని తూచే కాటా ఉంది. ఇనుప దిమ్మ, పైన తొట్టి, ముందువైపు ఇత్తడి పలక మీద అంకెలు. రోజూ తుడిచి తుడిచి ఆ ఇత్తడి అరిగిపోయింది. నరసయ్య వంగి అంకెల చివర చెక్కిన మాట చదివాడు. పొద్దున్నుంచి ఆయనను తొలుస్తున్న 'రెండింతలు దాటి ఒక పిసరు' అక్కడ కనపడింది.

"ఇది పౌన్ల కాటానా?"

"అవును సార్. ఈ ఆసుపత్రి పెట్టిన తొలి దొరగారు ఓడలో తెప్పించింది," అన్నాడు ప్రేమానందం గర్వంగా. "మా వాళ్లకు కిలోలు ఎక్కవు సార్. బిడ్డ ఎన్ని పౌన్లుండాడంటారే గానీ ఎన్ని కిలోలని ఎవరూ అడగరు."

"గురువారం ఆ పిల్లవాడు ఎంత తూగాడు?"

"నలభై పౌన్లు. నేనూ అక్కడే ఉండాను."

నలభై పౌన్లంటే పద్దెనిమిది కిలోలు. ఆ పద్దెనిమిదికి మందు కడితే మూడు పాయింటు ఆరు. నలభైనే కిలోలనుకుని కడితే సరిగ్గా ఎనిమిది. ఆరేళ్ల పిల్లవాడిని కంప్యూటరు నలభై కిలోల మనిషనుకుంది. గురువారం అనుకుంది, శుక్రవారానికి అనుకోవడం మానేసింది. అదెలా?

"కిలోల కాటా మీకు లేనే లేదా?"

"ఉండాది సార్, కొత్తది. నా రూములో ఉండాది. చూద్దురు రండి."

మేనేజరు గదిలో, కుర్చీ పక్కన పెద్ద అట్టపెట్టె. చుట్టూ ఎర్ర రిబ్బను, పైన పువ్వులా కట్టిన ముడి. మీద సన్నగా దుమ్ము.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నెల దాటింది. రెండొచ్చినాయి, మాకొకటి, ఆత్మకూరు ఆసుపత్రికొకటి. ప్రతిష్ఠ కాలేదు సార్, అందుకని విప్పలేదు." నరసయ్య చూపు చూసి ఆయన వివరించాడు. "కానుకగా వచ్చిన వస్తువు ఏదైనా సరే, ప్రెసిడెంటు అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించనిదే వాడం. గుడి గంట అయినా, బల్ల అయినా అంతే. ఆత్మకూరు వాళ్లది అయిపోయింది. మా వంతు వచ్చేసరికి అయ్యగారికి కాలు బెణికింది. ఇంకో తేదీ ఇస్తామన్నారు."

ఆయన చెప్పిన తీరులో తప్పేమీ లేదు. నలభై ఏళ్లుగా అలాగే జరుగుతోంది, ఎవరికీ ఏ నష్టమూ రాలేదు. అయినా ఆ రిబ్బను ముడి చూస్తుంటే నరసయ్యకు ఎందుకో భయం వేసింది.

కంప్యూటరు గదిలో జెస్సికా ఒక్కతే ఉంది. రాహేలమ్మకు ఒక్కగానొక్క కూతురు, ఇరవై రెండేళ్లు, నెల్లూరులో ఆరు నెలలు కంప్యూటరు నేర్చుకుని వచ్చి ఈ ఆసుపత్రిలోనే ఆపరేటరుగా చేరింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. తల్లిని పోలీసులు పట్టుకుంటే పిల్ల ఏడవక ఏం చేస్తుందని నరసయ్య జాలిపడ్డాడు.

"గురువారం కొట్టినట్టే మళ్లీ ఒకసారి కొట్టి చూపించమ్మా. నలభై పౌన్లు."

ఆమె కొట్టింది. ప్రింటరు కీచుమంటూ చీటీ తోసింది. మూడు పాయింటు ఆరు.

"పౌన్లు కిలోలుగా మార్చేది ఈ ప్రోగ్రామేనా?"

జెస్సికా చీటీ చింపి బల్ల మీద పెట్టింది. "ఇది కాదు సార్. ఇది మందు లెక్క మాత్రమే చేస్తాది. బరువు ఎంతని ఇంకో చిన్న ఫైలును అడుగుతాది. అది ఎంతని చెబితే అంతే ఇది నమ్ముతాది. పిల్లల ప్రోగ్రాములు అన్నీ దాన్నే అడుగుతాయి."

"అంటే వంట మనిషి మారకపోయినా, కొలిచే గిన్నె మారిస్తే అన్నం మాడుతుంది."

ఆమె తల ఊపింది.

"ఆ చిన్న ఫైలు ఎవరు రాశారు?"

"ఆత్మకూరు జోయలన్న. ఆ ఆసుపత్రి కంప్యూటరు ఆయనే చూస్తాడు."

"దాన్ని ఈ మధ్య ఎవరైనా మార్చారా?"

"తేదీ చూడండి సార్." ఆమె ఏదో కొట్టింది. తెర మీద వరసలు పడ్డాయి. అన్నిటి పక్కనా రెండేళ్ల కిందటి తేదీలే. "పాతదే కదా."

కేశవ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "విన్నావు కదా నరసయ్యా, పాతదే. ఇక పద, జీపులో చోటుండాది. ఆత్మకూరు బస్టాండులో దింపుతా, నెల్లూరు బస్సెక్కు."

నరసయ్య జీపెక్కాడు గానీ నెల్లూరు పోవడానికి కాదు. ముందు సీట్లో ఆయనా కేశవా, వెనక రాహేలమ్మ, ఒక ఆడ కానిస్టేబులు. జీపు ఉదయగిరి దాటిందో లేదో మాటల పోరు మొదలైంది.

"ఆ చిన్న ఫైలు గురువారం మధ్యాహ్నం ఒక తీరుగా పనిచేసింది, సాయంత్రానికి ఇంకో తీరుగా మారింది," అన్నాడు నరసయ్య. "ఎవరో తమ తప్పు కప్పెట్టుకోవడానికి మార్చారు. రాసినవాడికి కాక మార్చడం ఎవరికి తెలుస్తుంది? జోయలును పట్టుకుంటే కథ తేలుతుంది."

"ఆత్మకూరులో ఉండేవాడు ఉదయగిరి కంప్యూటరు లోపల ఎట్ల మారుస్తాడు? మంత్రం వేసినాడా?"

"ఫ్లాపీ తెచ్చి వేసుండాలి. మనిషి వచ్చి ఆ మిషను ముందు కూర్చుని వేయాల్సిందే. గురువారం సాయంత్రం ఆ గదిలో ఎవరు కూర్చున్నారో తేలితే చాలు, మీ కేసు వీగిపోతుంది."

"తేల్చుకో. ఎవురొద్దన్నారు."

అంతసేపూ మంచినీళ్లు కావాలని, కిటికీ తెరవమని ఏదో ఒకటి అడుగుతూ వచ్చిన రాహేలమ్మ ఆ తర్వాత నోరు మెదపలేదు. నరసయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కళ్లు మూసుకుని ఉంది. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాడు. ఆయన ఆ రోజు చేసిన పెద్ద తప్పు అదే. వాదనలో గెలవాలన్న ఆత్రంలో, తన వెనక ఎవరు కూర్చుని వింటున్నారో ఆయనకు తట్టనే లేదు.

ఆత్మకూరు ఆసుపత్రిలో జోయలు దొరకడం కష్టమేమీ కాలేదు. సన్నగా, కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో అన్నం క్యారియరుతో ఎదురొచ్చాడు. నరసయ్య దబాయింపుతో మొదలుపెట్టాడు.

"గురువారం సాయంత్రం ఉదయగిరిలో నీకేం పని?"

"నేను ఉదయగిరి పోయి ఆరు నెలలయింది సార్." అతను తెల్లబోయాడు. "గురువారం సాయంత్రం ఈడ పాటల ప్రాక్టీసులో ఉండాను. ఎవర్నైనా అడగండి."

"బరువు ఫైలు మార్చింది నువ్వు కాదూ?"

"మార్చినాను సార్, సోమవారం. అందులో తప్పేముండాది?" క్యారియరు బల్ల మీద పెట్టి, దాచుకోవడానికి ఏమీ లేని మనిషిలా చెప్పుకుపోయాడు. "మాకు కిలోల కాటా వచ్చింది. మిషనేమో పౌన్లే అడుగుతాది. మా నర్సులు కిలోల్ని మళ్లా పౌన్లు చేసి కొట్టాల్సి వచ్చేది. ఎందుకీ తిప్పలని, పౌన్లను కిలోలు చేసే ముక్క తీసేసినాను. కొట్టిందాన్నే కిలోలుగా తీసుకుంటాది."

"మందు లెక్క ప్రోగ్రాము?"

"దాన్నెందుకు ముట్టుకుంటాను? అది బాగానే ఉండాది."

"మరి ఉదయగిరికి ఎందుకు పంపావు?"

"రెండు చోట్లా ఒకటే ఉండాలని మా రూలు సార్. ఈడ ఒకటి ఆడ ఒకటి ఉంటే, ఏదన్నా చెడినప్పుడు యాడ చెడిందో తెలీదు. అందుకని ఈడ ఏం మార్చినా ఫ్లాపీలో వేసి బస్సు డ్రైవరు చేతికిస్తాం. బుధవారం పంపినాను. ఆళ్లకు కూడా కొత్త కాటా వచ్చింది కదా అని."

"వచ్చింది. పెట్టెలోనే ఉంది. రిబ్బను విప్పలేదు."

జోయలు మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు. ఉదయగిరి పిల్లవాడి సంగతి అతనికి తెలుసు, నర్సు తప్పని అందరిలాగే విన్నాడు. ఇప్పుడు రెండు చేతులతో మొహం తడుముకున్నాడు.

"ప్రతిష్ఠ అయిపోయిందనుకున్నా సార్. మాది అయిన ఆదివారమే ఆళ్లదీ అని చెప్పినారు."

అతను ఏడవడం మొదలుపెట్టకముందే నరసయ్య భుజం పట్టుకుని కుదిపాడు. "ఏడుపు తర్వాత. ఇప్పుడు ఉదయగిరి కంప్యూటరులో ఆ ఫైలు తేదీ రెండేళ్ల నాటిది. నా కళ్లతో చూశాను."

"ఉండేదానికి లేదు సార్. సోమవారం తేదీ ఉండాల." జోయలు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "పాత తేదీ ఉండాదంటే, నేను పంపింది తీసేసి ఎవరో పాతది మళ్లా వేసినట్టు."

నరసయ్య నుదురు కొట్టుకున్నాడు. నెల్లూరు నుంచి వచ్చిన కంప్యూటరాయన, కేశవ, తాను, ముగ్గురూ పాత తేదీ చూసి ఏమీ జరగలేదనుకున్నారు. ఏదో జరిగిందని చెప్పిందే ఆ పాత తేదీ.

"పాతది ఎవరి దగ్గర ఉంది?"

"నాకాడ లేదు సార్, దాన్నే మార్చేసినాను. జెస్సికా కాడ ఒక ఫ్లాపీ ఉంటాది." అని, తన మాట తనకే వినపడినట్టు ఆగిపోయాడు. "నిన్న పొద్దున ఆ పిల్లే ఒక ఫ్లాపీ పంపింది. ముందు ఇది వేయమని డ్రైవరుతో చెప్పి పంపింది. మా రూలే కదా అని వేసేసినాను, ఏముందో కూడా చూడలేదు."

ఇద్దరూ ఒకేసారి కంప్యూటరు వైపు తిరిగారు. జోయలు గబగబా కొట్టాడు. తెర మీద వరస పడింది. రెండేళ్ల కిందటి తేదీ.

జరిగిందంతా నరసయ్యకు కళ్లకు కట్టింది. గురువారం ఫిట్స్ వచ్చిన పిల్లవాడిని చూసి, తాను ఆ పొద్దున వేసిన ఫైలే ఈ పని చేసిందని జెస్సికాకు అర్థమై ఉంటుంది. పిల్లవాడు పోగానే పాతది వేసేసింది. తప్పు కప్పెట్టుకోవాలనే కాదు, ఇంకో పిల్లకు ఇలా జరగకూడదని. ఆత్మకూరులోనూ అదే ఫైలు ఉంది, అక్కడి కాటా కిలోలదని తట్టక, అక్కడా పిల్లలు చచ్చిపోతారని భయపడి పాతదాన్ని ఆగమేఘాల మీద పంపింది. చీటీ ఎప్పుడో కాలిపోయింది, మిషను సరైన లెక్క చూపిస్తోంది, అరెస్టు చేయడానికి పోలీసులు వచ్చేనాటికి తల్లి నిజాన్ని రుజువు చేసేది ఏదీ మిగల్లేదు. మిగలకుండా చేసింది కూతురే. ఇక ఏ మొహంతో నోరు విప్పుతుంది?

"కానీ మాది కిలోల కాటా," అన్నాడు జోయలు నీరసంగా. "నిన్నటి నుంచి కిలోల్ని కూడా ఇది పౌన్లనుకుని సగం కంటే తక్కువకు కోస్తా ఉండాది."

"పిల్లలెవరైనా ఉన్నారా వార్డులో?"

జోయలు అప్పటికే పరుగెత్తుతున్నాడు.

పిల్లల వార్డులో డాక్టర్ కరుణశ్రీ ఒక మంచం మీదికి వంగి ఉంది. మంచం మీద రెండేళ్ల పాప, కాళ్లూ చేతులూ బిగదీసుకుని కొట్టుకుంటోంది. పక్కన తల్లి కింద కూలబడి ఉంది.

"రాత్రి నుంచి ఇంతే," అంది డాక్టరు తల ఎత్తకుండా. "ఫిట్స్ మందు చీటీ ప్రకారం ఇస్తూనే ఉండాను. ఆగినట్టే ఆగి మళ్లా వస్తా ఉండాయి. నెల్లూరు పంపుదామంటే దారిలో ఏమైపోతాదోనని భయంగా ఉండాది."

"పాప బరువెంత మేడం?" అన్నాడు జోయలు.

"పదకొండు కిలోలు."

"మిషను అయిదనుకుంటా ఉండాది."

ఆమె ఒక్క క్షణం అతని మొహం చూసింది. చీటీ నలిపి విసిరేసి, కాగితం లాక్కుని చేత్తో లెక్క వేస్తూనే నర్సును కేకేసింది. నరసయ్య అక్కడ నిలబడలేకపోయాడు. మూడు కావస్తోంది.

కోర్టు వసారాలో కేశవ బల్ల మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇక నువ్వు కష్టపడొద్దు నరసయ్యా. ఒప్పుకునింది. పొరపాటు కేసే రాస్తుండాను, నేను మాట తప్పే మనిషిని కాదు. మేజిస్ట్రేటు పిలవంగానే లోపల కూడా అదే చెప్తాది."

గోడ పక్కన కింద కూర్చున్న రాహేలమ్మ నరసయ్యను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

"చీటీలో మూడు పాయింటు ఆరే ఉండాది సార్," అంది నెమ్మదిగా, అప్పజెప్పినట్టు. "నా కళ్లు మసక. నేనే ఎనిమిదనుకున్నా."

పొద్దున ఎన్నిసార్లు అడిగినా మారని మాట. ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో నరసయ్యకు తెలుసు. గురువారం సాయంత్రం ఆ గదిలో ఎవరు కూర్చున్నారో తేలాలని జీపులో అరిచింది తానే. ఆ గదిలో కూర్చునేది తన కూతురేనని తేల్చుకోవడానికి ఈ తల్లికి ఏ సాక్షీ అక్కర్లేకపోయింది. ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ పిల్ల ఎందుకు చేసిందో నాకు తెలుసు. మిమ్మల్ని పట్టుకుంటారని ఆమె అనుకోలేదు."

"ఆ మాట ఎత్తొద్దు సార్." ఆమె కళ్లు కేశవ వైపు మళ్లి వెనక్కి వచ్చాయి. "దానికి ఇరవై రెండేళ్లు. ఇంకా బతుకంతా ఉండాది. నాకేం, అయిపోవచ్చినదాన్ని. జైల్లో ఉన్నా దేవుడు ఉంటాడు. మీకు దండం పెడతా, ఈడితో వదిలేయండి."

ఆయన వదిలేద్దామనే అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. పొరపాటు కేసులో బెయిలు వస్తుంది, ఉద్యోగం పోతుంది, కూతురు బతుకుతుంది. ఆమె కోరుకునేది అదే అయితే కాదనడానికి తానెవరు? కానీ ఆ పాప బిగదీసుకున్న చేతులు కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

"తప్పు మీదైతే మిషను బాగున్నట్టే కదమ్మా. మిషను బాగుందంటే అందరూ దాన్నే నమ్ముతారు. అది ఇప్పుడు ఆత్మకూరులో కూడా ఉంది, జెస్సికానే పంపింది. ఇక్కడ కాటా కిలోలది. ఒక పాపకు రాత్రి నుంచి ఫిట్స్ ఆగడం లేదు."

రాహేలమ్మ తల ఎత్తింది. "ఎంత బరువు?"

"పదకొండు కిలోలు. అయిదు కిలోలకు సరిపడా మందు పోయింది."

"రాత్రి నుంచా?"

"రాత్రి నుంచి. ఇప్పుడు డాక్టరమ్మ సరిచేస్తోంది. బతుకుతుందో లేదో నాకు తెలియదు."

లోపల్నుంచి బంట్రోతు గుమ్మంలోకి వచ్చి పాట పాడినట్టు కేకేశాడు. "రాహేలమ్మా."

ఆమె కదల్లేదు. కేశవ లేచి టోపీ పెట్టుకున్నాడు.

"రాహేలమ్మా."

ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. పెదవులు ఆడుతున్నాయి, ప్రార్థనో లెక్కో నరసయ్యకు తెలియలేదు. ఆమె ఏ మాట చెప్పినా ఒకరిని పోగొట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మూడోసారి పేరు వినపడింది. ఆమె లేచి నిలబడి పైట సర్దుకుంది.

"సి.ఐ. సార్, నేను చెప్పింది అబద్ధం. చీటీలో ఎనిమిదే ఉండాది. లోపల ఆ మాటే చెప్తాను. ఎవరు ఏం మార్చినారో మా పిల్ల చెప్తాది, నేనే అడుగుతా. ఒక్కసారి ఉదయగిరికి ఫోను కలిపించండి."

కేశవ మొహంలో వెలుగు ఆరిపోయింది. ఆయన నరసయ్యను చూశాడు, ఆమెను చూశాడు. ఒక్క నిమిషమని బంట్రోతుకు సైగ చేసి, కోర్టు గుమాస్తా బల్ల మీది ఫోను తనే తిప్పాడు. రెండుసార్లు కలవలేదు. మూడోసారి అవతల ప్రేమానందం గొంతు వినపడింది. రిసీవరు నరసయ్య అందుకున్నాడు.

"జెస్సికాను పిలవండి."

"లేదండీ. పాపం పొద్దున్నుంచి ఒకటే ఏడుపు. ఈడుంటే పిచ్చెక్కుతాదని నేనే పంపించినాను. కలిగిరిలో మన కొత్త క్లినిక్కు ఈ రోజే మొదలు. కంప్యూటరులో ప్రోగ్రాములు వేసేది ఉండాది. ఫ్లాపీ తీసుకొని ఒంటిగంట బస్సుకు పోయింది."

"ఏ ఫ్లాపీ?"

"పాతదే. అదే మంచిదని, దాన్నే వేస్తానని చెప్పింది."

"కలిగిరిలో కాటా ఏంటి?"

"కొత్త క్లినిక్కు కదా సార్, అన్నీ కొత్తవే. కిలోలదే." ప్రేమానందం గొంతులో సంతోషం దాగలేదు. "పొద్దున్నే ప్రతిష్ఠ కూడా అయిపోయింది. జనం బాగా వచ్చినారంట. పిల్లలకు ఉచితంగా చూస్తామని ప్రకటించినారు."

"అక్కడికి ఫోనుందా?"

"కనెక్షన్ ఇంకా రాలేదు సార్."

నరసయ్య రిసీవరు పెట్టేశాడు. కేశవకు అంతా వినపడే ఉంటుంది, ఆయన అప్పటికే జేబులో జీపు తాళాలు వెతుక్కుంటున్నాడు. ఆడ కానిస్టేబులును రాహేలమ్మ దగ్గర ఉండమని చెప్పి మెట్ల వైపు కదిలాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, నరసయ్యగారూ రండి అని మర్యాదగా పిలిచాడు.

రాహేలమ్మ కోర్టు గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"సార్, మా పిల్ల కనపడంగానే ముందు చేతిలో ఫ్లాపీ తీసుకోండి," అంది. "ఆ తర్వాత అన్నం తినిందో లేదో అడగండి."

ఆ మాట చెప్పి ఆమె లోపలికి వెళ్లింది.